పస్తుమడి

నాలుగో వరస చివరి మడిలో మొదటి దుంప పీకగానే నీళ్ళపిన్నికి సంగతి చేతిలోనే తెలిసిపోయింది. కాటా దాకా పోనక్కర్లేదు. మట్టి విదిలించి చూస్తే జానెడు పొడుగున, నిటారుగా, ఒక్క పక్కవేరు లేకుండా చెక్కి పెట్టినట్టుంది క్యారెట్టు. రెండోదీ అంతే. మూడోదీ అంతే. ఆ మడిలో అలాంటి దుంపలు పండకూడదు.

అది పస్తుమడి.

కాగితాల్లో దాని పేరు సున్నా మడి. ఆ పరిశోధన కేంద్రంలో ఇరవై మళ్ళు కట్టి క్యారెట్టు మీద ఎరువుల పరీక్ష పెట్టారు. నాలుగు వరసలు, వరసకి అయిదేసి మళ్ళు. ఒక మడికి యూరియా దండిగా వేస్తారు. ఒకదానికి మూడు పోషకాలూ పాళ్ళు చూసి కలిపిన మిశ్రమం. ఒకదానికి బాగా మాగిన పశువుల ఎరువు. ఇంకోదానికి ఎరువూ మిశ్రమమూ సగం సగం. అయిదో మడికి నీళ్ళు తప్ప ఏమీ పెట్టరు. ఎరువుల గదిలోంచి పొట్లాలు బయటికొచ్చిన రోజున నాలుగు మళ్ళు తింటాయి, అయిదోది చూస్తూ ఉంటుంది. అందుకే పనివాళ్ళు దానికి ఆ పేరు పెట్టారు.

"ఏంటి పిన్నీ, చేతులాగిపోయాయి? క్యారెట్టు నీతో ఏమన్నా కబుర్లు చెబుతోందా?" అంది పక్క మడిలోంచి వాగుడుకాయ. ఆ పిల్లకి అసలు పేరొకటుందని హాజరు పిలిచేటప్పుడు తప్ప ఎవరికీ గుర్తురాదు.

"నడుం పట్టేసిందిలే."

"నీకు నడుం, నాకు కళ్ళు. ఈ యూరియా మడి చూడు, ఆకు మోకాలెత్తు లేచింది. ఏనుగులాంటి దుంప వస్తుందనుకుని పీకితే ఎలుకతోక. ఇదిగో, ఇది ఇంకా నయం, ప్యాంటు తొడుక్కుంది!" అంటూ రెండు కాళ్ళుగా చీలిన దుంపని గాల్లో ఊపింది. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. పిన్ని నవ్వలేకపోయింది.

ఆ మడిలో దుంపలెందుకు ఊరాయో ఆమె ఒక్కదానికే తెలుసు. నీళ్ళ కొళాయి నాలుగో వరస చివరే ఉంది. మళ్ళకి నీళ్ళు పెట్టడానికి పొద్దున ఆమె గొట్టం విప్పేదీ, సాయంత్రం చుట్ట చుట్టేదీ ఆ మడి పక్కనే. మిగతా మళ్ళు పచ్చగా ఒళ్ళు చేస్తుంటే అదొక్కటీ పాలిపోయిన ఆకుతో కళ్ళెదుట నిలబడి ఉండేది. ఒకరోజు ఎరువుల గది ఊడ్చిన చెత్త పారబోయడానికి వెళ్తూ, పారబోయకుండా ఆ మడిలో మొక్కల మధ్య వేలితో గాడి తీసి కప్పెట్టింది. తర్వాత క్యాంటీను పొయ్యిలోంచి బూడిద. తర్వాత ఎరువు గుంట అడుగున ఊరిన నల్లనీళ్ళు, చెంబుడు చెంబుడు. ఎవరి సొత్తూ కాదు, పారేసేదే. మిగతా మూడు వరసల్లోని పస్తుమళ్ళు ఆమె దారిలో లేవు. వాటి మొహం రోజూ చూడలేదు కాబట్టి వాటి ఆకలీ తెలియలేదు.

మధ్యాహ్నానికి తూకం మొదలైంది. తొట్టిలో కడిగి, గోనెపట్టాతో తుడిచి, ఆకుని వేలెడు కాడ ఉంచి కోసి, ఆకు ఒక తట్టలో, దుంప ఒక తట్టలో పెడతారు. రెండూ వేరువేరుగా తూయాలి. కాటా దగ్గర మేకుల మాస్టారు. మళ్ళు కొలిచి హద్దుల్లో నంబరు మేకులు పాతేది ఆయనే. ముప్ఫై ఏళ్ళుగా ఆ కేంద్రంలో ఆయన పాతని మేకు లేదు. పిన్ని కంటే పదేళ్ళు పెద్దవాడైనా అందరితోపాటు ఆయనా ఆమెని పిన్నీ అనే పిలుస్తాడు. ఆయన అంకె చదివితే, పక్కన కుర్చీలో కూర్చుని చిన్నమేడమ్ రాసుకుంటుంది. పరీక్ష ఆవిడది.

"ఒకటో వరస సున్నా మడి, ఏడు కిలోలు. రెండో వరసది ఆరున్నర. మూడో వరసది ఏడుంపావు." మాస్టారి గొంతు ఎప్పుడూ ఒకే ఎత్తున ఉంటుంది. "నాలుగో వరసది..."

ఆగాడు. తట్ట దించి, కాటా తుడిచి, మళ్ళీ పెట్టాడు. జేబులోంచి కళ్ళజోడు తీసి పెట్టుకుని వంగి చూశాడు.

"పదహారు."

చిన్నమేడమ్ కలం ఆగింది. లేచి వచ్చి ఒక దుంపని విరిచింది. టప్పుమని విరిగింది, లోపలి దాకా ఒకటే రంగు. రసం చుక్క తీపి కొలిచే గాజు గొట్టం మీద వేసి వెలుతురుకి ఎత్తి చూసింది. "తీపి కూడా అన్నిటికంటే ఎక్కువే," అంది మెల్లిగా. ఆ మాటలో సంతోషం లేదు.

కేంద్రాన్ని నడిపే పెద్దసారుకి కబురెళ్ళింది. ఆయన వచ్చి మడినీ దుంపలనీ చూసి, రెండు నిమిషాల్లో తీర్పు చెప్పేశాడు. "మధ్యలో పెద్దవాన పడ్డప్పుడు నాలుగో వరసలో మేకులు కొట్టుకుపోయాయి కదా. మళ్ళీ పాతింది ఎవరు?"

"నేనే సార్," అన్నాడు మాస్టారు.

"మరి ఇంకేముంది? హద్దు జరిగింది. పక్కనున్న ఎరువు మడి సగం దీంట్లో కలిసింది. వయసు మీద పడ్డాక కన్ను ఒకలా, చెయ్యి ఒకలా ఉంటాయి మాస్టారూ. తప్పు పట్టట్లేదు. పొరపాటు మీదేనని రేపు ఒక కాగితం రాసివ్వండి. మీరు గోడౌన్లో కూర్చుందురుగాని, మేకుల పని ఇంకొకరు చూస్తారు."

మాస్టారు కాటాలోంచి తట్ట దించి, చొక్కా కొసతో కాటా పళ్ళెం తుడిచాడు. అది శుభ్రంగానే ఉంది. అయినా తుడుస్తూనే ఉన్నాడు. గొట్టం చుడుతున్న పిన్ని ఆ చేతుల వంక చూసి తల తిప్పుకుంది.

ఇంటికి రాగానే కూతురికి చెప్పేసింది. కూతురు రెడీమేడ్ దుస్తుల దుకాణానికి గుండీలు కుట్టి ఇస్తుంది. ఒళ్ళో చొక్కా, నోట్లో దారం. అంతా విని దారం తెంపి అంది, "ఊడ్చిన చెత్త మట్టిలో వేశావు. దానికింత ఏడుపెందుకు?"

"ఆయన మీద పడింది కదే."

"ఆయన్ని ఏం చేస్తారమ్మా? గోడౌన్లో ఫ్యాను కింద కుర్చీ వేస్తారు. నిన్నయితే గేటు బయటే. మళ్ళీ లోపలికి రానిస్తారా?"

"రానివ్వరు."

"మరి నోరు మూసుకో. మొక్కకి తిండి పెట్టిందానివి, నీకు లేకుండా చేసుకోకు." ఇంకో గుండీ తీసుకుని సూదికి ఎక్కించింది. "ఆయన అడిగాడా నిన్ను?" అంది.

"ఎవరూ అడగలేదు."

"అడగనప్పుడు చెప్పకపోతే అబద్ధం కాదు."

పిన్ని ఊ కొట్టింది. కూతురు చెప్పినదాంట్లో ఎక్కడా తప్పు కనిపించలేదు. అయినా సగం అన్నం కంచంలో ఉండగానే చెయ్యి కడిగేసుకుంది.

మర్నాడు ఇంకా ఎవరూ రాకముందే వెళ్ళి కొళాయి విప్పబోతే, నాలుగో వరసలో మేకుల మాస్టారు వంగుని ఉన్నాడు. ప్యాంటు మోకాళ్ళ దాకా మంచుకి తడిసిపోయింది. చేతిలో కొలతల టేపు.

"వచ్చావా పిన్నీ. ఈ కొస కాస్త పట్టుకో. ఆ సిమెంటు స్తంభం దగ్గర ఆనించి గట్టిగా పట్టుకో, జారనీకు."

పిన్ని వంగి కొస పట్టుకుంది. ఆయన టేపు లాక్కుంటూ మేకు నుంచి మేకుకి వెళ్ళాడు. ప్రతి మేకు దగ్గరా ఆగి, టేపుని నేలకి నొక్కి, కళ్ళజోడు పైకెత్తి, దించి చూశాడు. ఆఖరి మేకు దగ్గర మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

"ఇటు రా. ఇక్కడ అంకె ఎంతుందో చదువు."

"మీరు చదవండి మాస్టారూ."

"నేను చదివాను. నేను చదివింది నాకు చాలట్లేదు."

పిన్ని స్తంభం దగ్గర కొస మీద రాయి పెట్టి వచ్చి, చదివింది. అంకెలు ఆమెకి వచ్చు. ఆయన జేబులోంచి మడిచిన నక్షా తీసి పక్కన పెట్టాడు. రెండూ ఒకటే.

"సరిగ్గానే ఉందిగా," అంది.

"సరిగ్గానే ఉంది." ఆయన తడి నేల మీదే చతికిలబడ్డాడు. "టేపు సరిగ్గా ఉంది. మేకు సరిగ్గా ఉంది. కాటా నిన్న రెండుసార్లు చూశాను, అదీ సరిగ్గా ఉంది. ఇక మిగిలింది నేనే." నవ్వబోయాడు, రాలేదు. "నిన్న సాయంత్రం గదికి తాళం వేసి బయల్దేరాను. వేశానో లేదోనని సగం దారి నుంచి వెనక్కొచ్చాను. వేసే ఉంది. మళ్ళీ బయల్దేరాను. మళ్ళీ వచ్చాను. మూడుసార్లు పిన్నీ. ఇంతకుముందు నాకెప్పుడూ ఇలా లేదు."

పిన్ని నోరు తెరిచింది. మాట పెదవి దాకా వచ్చింది. అంతలో గేటు దగ్గరనుంచి వాగుడుకాయ గొంతు ఖంగుమంది. "పొద్దున్నే ఇద్దరూ నేలమీద కూర్చుని ఏం వెతుకుతున్నారు? ముక్కుపుడకా?" మాస్టారు చటుక్కున లేచి ప్యాంటు దులుపుకున్నాడు. టేపు చుడుతుంటే రెండుసార్లు మెలిపడింది. ఆయన చేతిలో టేపు మెలిపడటం పిన్ని చూడటం అదే మొదటిసారి.

ఆమె కొళాయి విప్పలేదు. పది గంటల దాకా గొట్టం భుజాన వేసుకుని అలాగే నిలబడి, మాస్టారు ఆఫీసు గది వైపు నడవడం చూసి గొట్టం కింద పడేసింది.

గదిలో పెద్దసారు టీ తాగుతున్నాడు. చిన్నమేడమ్ కిటికీ దగ్గర నిలబడి ఉంది. మాస్టారు బల్లమీద వంగి, అప్పటికే రాసిన కాగితం కింద సంతకం పెట్టబోతున్నాడు.

"సంతకం పెట్టకండి మాస్టారూ," అంది పిన్ని గుమ్మంలోంచి. "మేకులు జరగలేదు. ఆ మడికి తిండి పెట్టింది నేను."

ముగ్గురూ తిరిగి చూశారు. ఆమె చెప్పింది. చెత్త, బూడిద, నల్లనీళ్ళు. ఏదీ దాచలేదు. చెబుతున్నంతసేపూ చీరకొంగు వేళ్ళకి చుట్టుకుంటూ, విప్పుకుంటూ ఉంది.

అంతా విని పెద్దసారు చిరునవ్వు నవ్వాడు. ఆమె ఊహించుకున్నవాటిలో ఆ నవ్వు లేదు. "మంచిదానివే అమ్మా. మాస్టారి మీద అభిమానంతో తప్పు నెత్తిన వేసుకుంటున్నావు. వెళ్ళు, నీ పని చూసుకో."

"అభిమానం కాదు సార్, నిజం."

"నాలుగు చెంబుల మురికినీళ్ళకి పదహారు కిలోలు పండితే మాకు ఈ ఉద్యోగాలెందుకు? మాస్టారూ, మీరు కానివ్వండి."

మాస్టారు కలం పట్టుకునే ఉన్నాడు. కానీ కళ్ళు కాగితం మీద లేవు. "ఏ రోజున పిన్నీ?" అన్నాడు. "మొదటిసారి ఏ రోజున?"

"కలుపు మొదటిసారి తీశాం చూడండి, దాని మర్నాడు. తర్వాత వానకి మేకులు పోయాయే, అప్పుడు వారం పాటు పెట్టలేదు, కొట్టుకుపోతుందని. మళ్ళీ దుంప వేలంత అయ్యాక బూడిద. రోజు విడిచి రోజు నల్లనీళ్ళు, నెలా పదిరోజులు. నమ్మకపోతే తవ్వి చూడండి."

చిన్నమేడమ్ అప్పటికే గుమ్మం దాటింది. మిగతా ముగ్గురూ వెనకే నడిచారు.

నాలుగో వరస పస్తుమడిలో ఆవిడ మోకాళ్ళ మీద కూర్చుని తాపీతో నేలని నిలువుగా కోసింది. బెత్తెడు లోతున, వరసలు ఉన్నచోటల్లా మట్టి నల్లగా ఉంది. మధ్యమధ్య తెల్లటి బూడిద పొక్కులు, గోరంత బొగ్గు ముక్కలు. లేచి మూడో వరసకి వెళ్ళి అక్కడి పస్తుమడినీ అలాగే కోసింది. పైనుంచి కింది దాకా పాలిపోయిన ఎర్రమట్టి. రెండు చోట్లనుంచీ చెరో గుప్పెడు తెచ్చి పెద్దసారు ముందు చేతులు చాపింది.

మాస్టారు రెండు చేతుల్లోని మట్టినీ మార్చి మార్చి చూశాడు. "అయితే నా టేపు సరిగ్గానే ఉందన్నమాట," అన్నాడు. ఆ మాట రెండోసారి అనబోయి అనలేక, పక్కకి వెళ్ళి కొళాయి తిప్పి మొహం కడుక్కున్నాడు. చాలాసేపు కడుక్కున్నాడు.

"ఎందుకు చేశావు?" అంది చిన్నమేడమ్. గొంతులో కోపం లేదు, అలసట ఉంది.

"రోజూ కళ్ళముందే పస్తుంటే చూడలేకపోయానమ్మా."

ఆవిడ చేతిలోని మట్టి కింద వేసి అరచేతులు దులుపుకుంది. "ఆ మడిని ఎవరూ మర్చిపోలేదు పిన్నీ. పస్తుండటమే దాని పని. ఈ నేల ఎవరి సాయమూ లేకుండా తనంతట తాను ఎంత ఇస్తుందో చెప్పగలిగేది అదొక్కటే. దానికి ఏడు కిలోలొచ్చి, ఎరువు వేసినదానికి పదిహేడొస్తే, ఎరువు పదిచ్చిందని నేను చెప్పగలను. అదే పదహారు చూపిస్తే నేనేం చెప్పాలి? ఎరువు కిలోకి మించి ఇవ్వదనా?"

పిన్ని వింటోంది.

"యూరియా సగానికి తగ్గించండి, ఆకు చూసి మురిసిపోకండి, దుంప కావాలంటే మాగిన ఎరువు కలపండి అని ఈసారి విత్తనాలేసేలోగా రైతులకి చెబుదామనుకున్నాను. ఈ వరస కొట్టేస్తే ఇక మూడే మిగులుతాయి. మూడింటిమీద చెబితే ఎవరూ ఒప్పుకోరు. మళ్ళీ ఇంకో పంట పెట్టాలి." ఆవిడ మళ్ళ వైపు చూసింది. "ఈ ఏడు మళ్ళీ అందరూ బస్తాలకి బస్తాలు చల్లుకుని ఎలుకతోకలు పీక్కుంటారు. ఆ మాట నేను చెప్పలేకపోయాను కాబట్టి."

తిడితే పిన్నికి తేలికగా ఉండేది. తిట్టలేదు. ఆ మడి ఆకలే ఆమె చూసింది. దాని వెనక ఇంతమంది నిలబడి ఉన్నారని ఎవరూ చెప్పలేదు, తనూ అడగలేదు.

పెద్దసారు బూట్లకి అంటిన మట్టిని గట్టుకి రాసి, "నువ్వు ఇక రానక్కర్లేదు," అన్నాడు. ఆమె తల ఊపి, గొట్టం చుట్టి కొళాయికి తగిలించి వెళ్ళిపోయింది.

రెండు రోజులు ఇంట్లోనే ఉంది. కూతురు "నేను చెప్పలేదా" అని ఒక్కసారి కూడా అనలేదు. రెండో రోజు పొద్దున గుండీల డబ్బా తెచ్చి ముందు పెట్టింది. "కూర్చుని గోడని చూసే బదులు రంగులు ఏరి పెట్టు. కళ్ళు బాగానే కనిపిస్తాయిగా, మడి మొహం చూసి ఆకలి కనిపెట్టిందానివి." పిన్నికి నవ్వొచ్చింది. నవ్వుతుంటేనే కళ్ళనీళ్ళొచ్చాయి. కూతురు చూడనట్టు సూదిలో దారం ఎక్కించుకుంది.

మధ్యాహ్నం తలుపు దగ్గర దగ్గు వినిపించింది. మేకుల మాస్టారు. ఇంట్లోకి రమ్మన్నా రాలేదు. గుమ్మం పక్కన గోడకి చెయ్యి ఆనించి నిలబడ్డాడు.

"రేపు బీట్‌రూట్ పరీక్షకి పొట్లాలు వేస్తున్నాం. ఏడింటికల్లా రా."

"పెద్దసారు రావద్దన్నారు కదా."

"చిన్నమేడమ్ రెండు రోజులు ఆయనతో వాదించింది. ఏ రోజున ఏం వేసిందో కాగితం లేకుండా చెప్పగలిగే మనిషి ఇంకొకరు ఉంటే చూపించండి, పిన్నిని మానిపిద్దాం అందట. ఆయన వెతికాడేమో, దొరికినట్టు లేదు. నేను మాత్రం నీకోసం మాట్లాడలేదు. ఆ సంగతి నీకు తెలియాలని చెబుతున్నాను."

"మీరెందుకు మాట్లాడతారు మాస్టారూ."

"నా కళ్ళని నేనే అనుమానించుకున్నాను. నువ్వు టేపు కొస పట్టుకుని, అంతా తెలిసి, అంకె చదివి వినిపించావు. నాకది ఇంకా మింగుడు పడట్లేదు." ఆయన గోడమీద చెయ్యి తీసి, వేళ్ళకంటిన సున్నం చూసుకుని తుడుచుకున్నాడు. "కానీ గుమ్మంలోకొచ్చి చెప్పావు. ఆ తర్వాత తాళం ఒక్కసారే వేస్తున్నాను. అదీ చెప్పాలి కదా."

మర్నాడు ఏడు కాకముందే ఆమె అక్కడుంది. కొత్త నేల దుక్కి దున్ని, మళ్ళు కట్టి, మేకులు పాతి ఉంది. మాస్టారు బల్లమీద నంబరు వేసిన పొట్లాలు వరసగా పేర్చాడు. ఒక్కోటీ పిలిచి ఇస్తుంటే పిన్ని తీసుకెళ్ళి మడి అంతటా సమంగా చల్లి, పొట్లం అడుగున వేలితో రెండుసార్లు కొట్టి, ఖాళీ కాగితం నాలుగు మడతలు పెట్టి తెచ్చి ఇస్తోంది. ఆయన నంబరు పక్కన టిక్కు పెడుతున్నాడు. ఒకటి, రెండు, మూడు, నాలుగు.

"అయిదు," అని మాస్టారు ఇంకో పొట్లం చాపాడు.

పిన్ని చెయ్యి చాచి ఆగింది. అయిదోది సున్నా మడి. ఇన్నేళ్ళలో దానికి పొట్లం రాలేదు. అందుకుంటే చేతిలో బరువే లేదు.

"ఇందులో ఏముంది మాస్టారూ?"

"ఏమీ లేదు. ఇకనుంచి దానికీ పొట్లం ఉంటుంది. దాని వంతు నువ్వే వెయ్యాలి."

వాగుడుకాయ కిసుక్కుమంది. "ఖాళీ పొట్లం ఎలా చల్లుతారో నేనూ నేర్చుకుంటా!" ఎవరూ నవ్వకపోయేసరికి తనూ ఊరుకుంది.

పిన్ని అయిదో మడి దగ్గరికి వెళ్ళింది. తెల్లగా ఎండిన మట్టి పెళ్ళలు. కొంగు బిగించి గట్టుమీద వంగి, పొట్లం మడతలు ఒక్కొక్కటే విప్పింది. మిగతా మళ్ళలో నడిచినట్టే ఈ కొస నుంచి ఆ కొసకి నడిచింది. కాగితం వంచి పట్టుకుని, ఎక్కడా తొందరపడకుండా, ఎక్కడా ఆగకుండా, చెయ్యి అటూ ఇటూ తిప్పుతూ వెళ్ళింది. చివర అడుగున వేలితో రెండుసార్లు కొట్టింది. కాగితంలోంచి ఏమీ రాలలేదు.

నాలుగు మడతలు పెట్టి తెచ్చి ఇచ్చింది.

"వేశావా?"

"వేశాను."

ఆయన మడి వైపు చూడలేదు. అంకె పక్కన టిక్కు పెట్టి, ఆరో పొట్లం తీశాడు.